అంటువ్యాధి ప్రబలినప్పుడు జనంతో ఎలా మాట్లాడాలి: మొదటి ప్రకటన నుంచి చివరి కేసు దాకా

వ్యాధి బయటపడిన మొదటి రోజు మీ చేతిలో మందు ఉండకపోవచ్చు, టీకా ఉండకపోవచ్చు, ల్యాబ్ రిపోర్టు కూడా ఇంకా వచ్చి ఉండకపోవచ్చు. మాట ఒక్కటే ఉంటుంది. ఆ రోజు మీరు చెప్పిన నాలుగు ముక్కలు విని ఒక తల్లి, జ్వరంతో ఉన్న పిల్లను ఇంట్లో పెట్టుకోవాలా ఆసుపత్రికి తీసుకెళ్లాలా అన్నది తేల్చుకుంటుంది. అందుకే దీన్ని పబ్లిసిటీ పనిగా చూడకండి, చికిత్సలో మొదటి భాగంగా చూడండి.

ఆరోగ్య శాఖలో ఉన్నవాళ్లు, ఆసుపత్రి తరఫున మాట్లాడేవాళ్లు, స్థానిక సంస్థల్లో పనిచేసేవాళ్లు, ఇంటింటికీ తిరిగే కార్యకర్తలు, ఎవరికైనా ఈ పని ఒక్కసారిగా నెత్తిన పడొచ్చు. ఇందులో నేను నమ్మేది ఒక్కటే: తెలిసింది తెలిసినంత చెప్పండి, తెలియనిది తెలియదని చెప్పండి, మళ్లీ ఎప్పుడు చెబుతారో టైమ్ చెప్పి ఆ టైమ్‌కి కచ్చితంగా రండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా నమ్మకం, త్వరగా ప్రకటించడం, దాపరికం లేకపోవడం, జనం మాట వినడం, ముందస్తు ప్రణాళిక అనే ఐదింటి చుట్టూనే ఉంటాయి. చెప్పడానికి తేలికే. పాటించే చోటే అందరం తడబడతాం, కాబట్టి ఒక్కో మెట్టూ చూద్దాం.

1. అంతా బాగున్న రోజుల్లోనే సిద్ధం కండి

అర్ధరాత్రి ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. ప్రకటన ఎవరు రాస్తారు, ఎవరు ఓకే చేస్తారు? ఇది ముందే తేల్చుకోకపోతే ఫైలు ఐదు బల్లలు తిరిగేసరికి తెల్లారిపోతుంది, ఆలోపు వాట్సాప్‌లో ఎవరో మీ తరఫున ప్రకటించేసి ఉంటారు. రాసేవాళ్లు ఒకరు, సరిచూసి ఆమోదించేవాళ్లు ఒకరు, వాళ్లు అందుబాటులో లేకపోతే ఇంకొకరు. అంతకుమించి చేతులు మారకూడదు. పేర్లు కాగితం మీద రాసి పెట్టుకోండి.

దాంతోపాటు విలేకరుల నంబర్లు, రేడియోవాళ్ల నంబర్లు, సంకేత భాషలో చెప్పగలిగేవాళ్లు, మీ ప్రాంతంలో వేరే భాష మాట్లాడేవాళ్లుంటే ఆ భాషవాళ్లు, ప్రార్థనా స్థలాల పెద్దలు, బడి టీచర్లు, డ్రైవర్ల సంఘం, ఇలా జనం రోజూ ఎవరి మాట వింటారో వాళ్లందరి జాబితా ఉండాలి. జాబితా ఉంటే సరిపోదు, ఒక్కసారైనా వెళ్లి కలిసి రండి. ఎప్పుడూ మొహం చూడని మనిషి కష్టకాలంలో వచ్చి "నన్ను నమ్మండి" అంటే ఎవరు నమ్ముతారు?

2. మొదటి ప్రకటన: పూర్తి వివరాల కోసం ఆగకండి

అన్నీ నిర్ధారణ అయ్యాక చెబుదాం అనిపిస్తుంది. సగం సగం చెబితే జనం కంగారు పడతారని అనిపిస్తుంది. ఆ ఆలోచన ఎంత ఖరీదైనదో 2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల అంటువ్యాధి చూపించింది. తొలి కేసులు 2002 నవంబర్‌లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో వచ్చాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థకు సమాచారం అందింది 2003 ఫిబ్రవరిలో. బీజింగ్‌లో 37 కేసులే అన్న అధికారిక లెక్క ఏప్రిల్ 20న ఒక్కసారిగా 339 అయింది, అదే రోజు ఆరోగ్య మంత్రినీ నగర మేయర్‌నీ పదవుల నుంచి తప్పించారు. ఆ తర్వాత నిజమే చెప్పినా, నిన్నటిదాకా దాచినవాళ్లు ఈరోజు చెప్పేది కూడా సగమేనేమో అన్న అనుమానం జనంలో ఉండిపోతుంది. ఆ అనుమానం పోవడానికి వ్యాధి తగ్గడం కంటే ఎక్కువ కాలం పడుతుంది.

మొదటి ప్రకటన కొద్ది గంటల్లోనే రావాలి. అందులో ఐదు సంగతులుండాలి: మాకు తెలిసింది, ఇంకా తెలియనిది, తెలుసుకోవడానికి మేం చేస్తున్నది, ఈలోగా మీరు చేయాల్సింది, మళ్లీ మేం మాట్లాడే సమయం.

ఒక ఉదాహరణ తీసుకుని దగ్గర నుంచి చూద్దాం. ఒక ప్రాంతంలో నిన్నటి నుంచి 23 మంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రికి వచ్చారనుకోండి. అలవాటు కొద్దీ మనం రాసేది ఇలా ఉంటుంది:

"ప్రజలెవరూ భయాందోళనలకు గురికావద్దు. పరిస్థితి పూర్తిగా అదుపులో ఉంది. వ్యాధి నివారణకు యుద్ధప్రాతిపదికన అన్ని చర్యలూ చేపట్టడం జరిగింది. పుకార్లను నమ్మవద్దు."

ఇందులో ఇంట్లో కూర్చున్న మనిషికి పనికొచ్చే మాట ఒక్కటైనా ఉందా? ఎంతమందికి వచ్చింది, దేని వల్ల వచ్చింది, నీళ్లు తాగొచ్చా లేదా, ఏదీ లేదు. పైగా "అదుపులో ఉంది" అన్నాక రేపు 40 మంది చేరితే ఆ మాటే మీ మెడకు చుట్టుకుంటుంది. ఇప్పుడు ఇది చూడండి:

"నిన్న మధ్యాహ్నం నుంచి ఈ ప్రాంతంలో 23 మంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రిలో చేరారు. ఇద్దరి పరిస్థితి విషమంగా ఉంది. వాళ్ల కుటుంబాలు ఎంత ఆందోళనలో ఉన్నాయో మాకు తెలుసు. కారణం ఇంకా తెలియదు. నీళ్ల వల్ల కావచ్చని అనుమానిస్తున్నాం, నిర్ధారణ కాలేదు. నీటి నమూనాలు ల్యాబ్‌కు పంపాం. ఫలితం వచ్చేదాకా తాగే నీళ్లు, పళ్లు తోముకునే నీళ్లు, పసిపిల్లలకు పాలు కలిపే నీళ్లు బాగా తెర్లేలా కనీసం ఒక నిమిషం మరిగించి, చల్లార్చి వాడండి. విరేచనాలు మొదలైతే వెంటనే ఓఆర్‌ఎస్ తాగించడం మొదలుపెట్టండి. నోరు ఎండిపోవడం, మూత్రం రాకపోవడం, మగతగా పడుకోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి. కేసులు ఇంకా పెరగవచ్చు. ఈ రాత్రి 8 గంటలకు మళ్లీ మాట్లాడతాం, కొత్త విషయం లేకపోయినా సరే."

రెండోదానిలో "భయపడవద్దు" అన్న మాట లేదు. "కేసులు ఇంకా పెరగవచ్చు" అని ముందే ఉంది, కాబట్టి రేపటి సంఖ్య ఎవరినీ మోసం చేసినట్టు ఉండదు. చివరి వాక్యం మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టండి. 8 గంటలంటే 8 గంటలే. కొత్తగా చెప్పడానికేమీ లేకపోతే "ల్యాబ్ ఫలితం ఇంకా రాలేదు, సాయంత్రం కూడా అడిగాం, రేపు ఉదయం 10కి మళ్లీ వస్తాం" అని చెప్పి వెళ్లండి. ఒక నిమిషం పని. చెప్పిన టైమ్‌కి వచ్చే మనిషి మీద జనానికి గురి కుదురుతుంది.

3. ఎవరు మాట్లాడాలి

రోజూ ఒకే మనిషి అయితే మంచిది. పెద్ద హోదా కంటే విషయం తెలిసి, దాన్ని మామూలు మాటల్లో చెప్పగలిగి, ప్రశ్న అడిగితే చిరాకు పడనివాళ్లు కావాలి. రాజకీయ నాయకులు ముందు నిలబడి మాట్లాడాల్సి వచ్చినా, వ్యాధి గురించిన ప్రశ్నలు పక్కనున్న డాక్టరుకే వదిలేయాలి. రెండు కార్యాలయాలు ఒకే రోజు రెండు లెక్కలు చెప్పే పరిస్థితి రాకుండా, మైకు ముందుకు వెళ్లే ముందే ఒక ఫోన్ చేసి అంకెలు సరిచూసుకోండి.

4. భయాన్ని కొట్టిపారేయకండి, దానికి పని చెప్పండి

"భయపడాల్సిన పనేమీ లేదు" అన్న మాట ఎందుకు పనిచేయదో చెప్పడానికి నాకు గుర్తొచ్చేది బ్రిటన్. 1990లో పశువులకు మెదడు జబ్బు వస్తున్న రోజుల్లో ఆ దేశ వ్యవసాయ మంత్రి కెమెరాల ముందు తన నాలుగేళ్ల కూతురికి బీఫ్ బర్గర్ అందించాడు, అంత సురక్షితం అని చూపించడానికి. 1996 మార్చిలో అదే ప్రభుత్వం, మనుషులకు వస్తున్న ఒక కొత్త మెదడు జబ్బుకు ఆ మాంసంతో సంబంధం ఉండే అవకాశం ఉందని పార్లమెంటులో చెప్పాల్సి వచ్చింది. "ఇప్పటిదాకా మనుషులకు సోకినట్టు ఆధారం లేదు, కానీ పరిశోధన ఇంకా జరుగుతోంది" అని 1990లోనే చెప్పి ఉంటే ఆ ఫొటో అన్నేళ్లు వెంటాడేది కాదు. ఆధారం లేకపోవడం వేరు, ప్రమాదం లేదని తేలడం వేరు. ఈ రెండూ కలిసిపోకుండా ప్రతి వాక్యం చూసుకోండి.

పీటర్ శాండ్‌మన్ అనే నిపుణుడు చెప్పిన సూత్రం ఈ రంగంలో చాలామందికి తెలుసు: జనం దృష్టిలో రిస్క్ అంటే అసలు ప్రమాదం ప్లస్ దానివల్ల కలిగే ఆగ్రహం, కలత. మనం ప్రమాదం గురించి లెక్కలు చెబుతుంటాం, వాళ్లేమో "మాకు ముందే ఎందుకు చెప్పలేదు, మమ్మల్ని పట్టించుకునేవాళ్లున్నారా" అని రగిలిపోతుంటారు. ఎన్ని గ్రాఫులు చూపించినా ఆ రెండోది తగ్గదు. కాబట్టి ముందు "ఇది వింటే ఎవరికైనా టెన్షన్ వస్తుంది, మాకూ వచ్చింది" అని ఒప్పుకోండి, ఆ వెంటనే చేతికి ఏదో ఒక పని ఇవ్వండి. నీళ్లు మరిగించడం, పక్కింట్లో ఒంటరిగా ఉన్న పెద్దాయనకు రోజూ ఫోన్ చేసి కనుక్కోవడం, జ్వరం ఎంతుందో పూటపూటకీ రాసుకోవడం. చేయడానికి పని ఉన్నప్పుడు భయం మనిషిని కూలదోయదు.

చనిపోయినవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు మరీ జాగ్రత్త. "కేవలం ముగ్గురే చనిపోయారు" అన్న వాక్యంలో ఆ "కేవలం" తీసేయండి, "ముగ్గురే"లో ఆ చివరి అక్షరం కూడా తీసేయండి. "చనిపోయినవాళ్లకు వేరే జబ్బులు కూడా ఉన్నాయి" అని ధైర్యం చెప్పబోతాం. అది వింటున్నవాళ్లలో షుగర్ ఉన్నవాళ్లుంటారు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లుంటారు, కీమో చేయించుకుంటున్నవాళ్లుంటారు. పోతే పోయేది మేమే, మిగతావాళ్లకు పర్వాలేదు అంటున్నారా అని వాళ్లకు అనిపిస్తుంది. అనిపించడంలో తప్పేముంది? "షుగర్, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ ప్రమాదం, మీ కోసం ఈ ఏర్పాట్లు చేశాం" అని వాళ్లతోనే నేరుగా మాట్లాడండి.

5. సూచన ఇస్తే చేయగలిగేలా ఉండాలి

"పరిశుభ్రత పాటించండి", "అప్రమత్తంగా ఉండండి", "తగు జాగ్రత్తలు తీసుకోండి". వీటిని మీ డ్రాఫ్ట్‌లో వెతికి కొట్టేయండి. వాటి చోట ఎవరు, ఏమిటి, ఎలా, ఎంతసేపు, ఎప్పటిదాకా అన్నది రాయండి. "సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగండి, వంట ముందు, తినే ముందు, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక" అంటే చేయొచ్చు.

హెల్ప్‌లైన్‌లో ఫోన్లు ఎత్తిన రోజుల్లో నాకొక కాల్ వచ్చింది. ఒకావిడ చాలా మర్యాదగా అడిగింది, "నీళ్లు మరిగించమన్నారు కదండీ, తాగేవి మరిగిస్తున్నాను, మరి బాబుకి స్నానం చేయిస్తుంటే వాడు ఆ నీళ్లు నోట్లో పోసుకుంటున్నాడు, ఏం చేయను?" ఆ కరపత్రం మేం నలుగురం కూర్చుని రాశాం, చాలా బాగా వచ్చిందని అనుకున్నాం, ఒక్కరికీ ఈ సంగతి తట్టలేదు. ఆ రోజు సాయంత్రానికే "చిన్నపిల్లలకు ఒళ్లు తడిగుడ్డతో తుడవండి, స్నానం చేయిస్తే నీళ్లు నోట్లోకి పోకుండా చూడండి" అన్న మాట చేర్చాం. అప్పటి నుంచి ఏ సూచన రాసినా అచ్చు వేసే ముందు ఆఫీసుకు సంబంధం లేని ఇద్దరు ముగ్గురికి చదివి వినిపించి, "ఇప్పుడు మీరు ఇంటికెళ్లి ఏం చేస్తారో చెప్పండి" అని అడుగుతాను. "అర్థమైందా" అని అడిగితే అందరూ అయిందనే అంటారు. వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించుకుంటేనే ఎక్కడ తేడా పడుతోందో బయటపడుతుంది.

ఇంకొకటి. ఇంట్లోనే ఉండమని చెప్పేటప్పుడు ఆ మనిషికి రోజు కూలి పోతుందా, ఒకే గదిలో ఆరుగురు ఉంటున్నారా, మందులెవరు తెచ్చిస్తారు అన్నవాటికి జవాబు కూడా అదే కాగితంలో ఉండాలి. జవాబు లేకపోతే ముందు దాని సంగతి పైవాళ్లతో మాట్లాడండి. చేయలేని పని చెప్పి, చేయలేదని తిట్టడం కంటే అన్యాయం ఇంకోటి లేదు.

6. అంకెలు చెప్పేటప్పుడు

ఒక్క సంఖ్యను ఒంటరిగా వదలకండి. "ఈరోజు 61 కేసులు" అంటే చాలదు. ఎంతమందికి పరీక్ష చేస్తే 61 వచ్చాయి, నిన్న ఎంతమందికి చేశారు, ఇవి ఈరోజు జబ్బుపడ్డవాళ్లవా లేక వారం కిందటి నమూనాల ఫలితాలు ఈరోజు వచ్చాయా? పరీక్షలు రెట్టింపు చేస్తే కేసులు పెరిగినట్టు కనిపిస్తాయి, ఆదివారం ల్యాబ్ మూసి ఉంటే తగ్గినట్టు కనిపిస్తాయి. ఆ మాట మీరే ముందు చెప్పాలి.

శాతాల కంటే మనుషుల లెక్క తేలిగ్గా ఎక్కుతుంది. "ముప్పు రెండింతలైంది" అంటే గుండె ఆగినంత పనవుతుంది, అది లక్ష మందిలో ఒకరి నుంచి లక్ష మందిలో ఇద్దరికి పెరగడం కావచ్చు. రెండూ చెప్పండి, కింద లెక్క ఒకటే ఉంచండి, ఒకసారి వెయ్యిలో ఒకసారి లక్షలో అంటూ మార్చకండి. మరణాల రేటు మొదట్లో ఎప్పుడూ గందరగోళంగానే ఉంటుంది, ఎందుకంటే తొలిరోజుల్లో పరీక్షల దాకా వచ్చేది బాగా జబ్బుపడ్డవాళ్లే, స్వల్పంగా వచ్చి తగ్గిపోయినవాళ్లు లెక్కలోకే రారు. మరోవైపు ఈరోజు ఆసుపత్రిలో ఉన్నవాళ్లలో ఎవరు దక్కుతారో ఇంకా తెలియదు. "ఈ రేటు మారుతుంది" అని చెప్పకుండా ఆ అంకెను బయటపెట్టొద్దు.

7. పుకారు వస్తే

పుకారును పట్టుకోవాలంటే ముందు అది మీ చెవిన పడాలి. హెల్ప్‌లైన్‌కు వచ్చే ప్రశ్నలు, కార్యకర్తలు ఇంటింటా విన్న మాటలు, గ్రూపుల్లో తిరుగుతున్న ఆడియోలు, అన్నీ ఒక రిజిస్టర్‌లో రోజూ రాయండి: ఏమంటున్నారు, ఎక్కడ, ఎంతమంది నోట విన్నారు. ప్రతిదానికీ జవాబు ఇవ్వనక్కర్లేదు. పదిమంది మధ్య తిరిగే మాటకు మీరు ప్రెస్ మీట్ పెడితే అది పది లక్షల మందికి చేరుతుంది. ప్రాణానికి హాని చేసేదైతే, లేదా వేగంగా పాకుతుంటే, వెంటనే కదలండి.

2003 ఏప్రిల్ 1న హాంకాంగ్‌లో ఒక పద్నాలుగేళ్ల పిల్లాడు, వార్తా వెబ్‌సైట్ లాగే కనిపించే ఒక పేజీ తయారుచేసి, నగరాన్ని వ్యాధి సోకిన రేవు పట్టణంగా ప్రకటించారని రాశాడు. జనం సరుకుల కోసం దుకాణాల మీద పడ్డారు. ప్రభుత్వం అదే రోజు సుమారు 60 లక్షల మొబైల్ ఫోన్లకు, అలాంటిదేమీ లేదని మెసేజ్ పంపింది. పుకారు ఏ దారిలో పాకితే జవాబు ఆ దారిలోనే, అదే వేగంతో వెళ్లాలి. వాట్సాప్ ఆడియోకు జవాబు వాట్సాప్ ఆడియోగానే ఇవ్వండి, నాలుగు పేజీల పీడీఎఫ్‌గా కాదు.

జవాబు రాసే వరస కూడా ముఖ్యం. ముందు నిజం చెప్పండి, తర్వాత తప్పుడు మాట తిరుగుతోందని ఒక్క వాక్యంలో హెచ్చరించండి, అది ఎందుకు తప్పో చెప్పి, మళ్లీ నిజంతో ముగించండి. పుకారునే పెద్ద అక్షరాల్లో శీర్షికగా పెడితే హడావుడిలో చూసినవాళ్లకు అదే గుర్తుండిపోతుంది. పుకారు నమ్మినవాళ్లను వెర్రివాళ్లన్నట్టు మాట్లాడొద్దు. ఖాళీ ఉన్నచోటే పుకారు పుడుతుంది, ఆ ఖాళీ చాలాసార్లు మనం నోరు మూసుకున్న చోటే ఉంటుంది.

8. వినండి, విన్నాక మారండి

ఈ మెట్టు మీద ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మిగతావన్నీ సరిగ్గా చేసినా ఇక్కడ తప్పితే మొత్తం పోతుంది.

2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా అనే ప్రాణాంతక అంటువ్యాధి బయటపడింది. గినీ, లైబీరియా, సియెరా లియోన్ దేశాల్లో 28,600కు పైగా జబ్బుపడ్డారు, 11,300కు పైగా చనిపోయారు. మొదట్లో వెళ్లిన సందేశాలు "ఎబోలా చంపుతుంది, దీనికి మందు లేదు" అన్న ధోరణిలో ఉండేవి. అప్పటికి ఆమోదం పొందిన మందు లేని మాట నిజమే. కానీ ఆ మాట విన్న మనిషి స్థానంలో నిలబడి ఆలోచించండి. మందే లేనప్పుడు మా అమ్మను ఎవరో ముసుగులేసుకున్నవాళ్ల చేతికి ఎందుకివ్వాలి, నా చేతుల్లోనే పోనీ అనుకోరా? అలా రోగుల్ని ఇళ్లలో దాచారు, సేవలు చేసినవాళ్లకు కూడా సోకింది. త్వరగా వస్తే సెలైన్లతో, సేవతో బతికే అవకాశం పెరుగుతుందని మొదటి రోజే చెప్పాల్సింది.

అంత్యక్రియల సంగతి ఇంకా బాధాకరం. ఎబోలాతో పోయినవాళ్ల శరీరం నుంచి వ్యాధి తేలిగ్గా సోకుతుంది, అక్కడేమో కన్నుమూసినవాళ్లను సొంత చేతులతో కడిగి సాగనంపడం కుటుంబం బాధ్యత. "ముట్టుకోవద్దు" అని ఆదేశాలిచ్చి శవాలను తీసుకెళ్లిపోయారు, లైబీరియా రాజధానిలో దహనం చేయాలని ఆజ్ఞ వేశారు. జనం మృతదేహాలను దాచి రాత్రిళ్లు పూడ్చుకున్నారు. 2014 సెప్టెంబర్‌లో గినీలోని వోమే గ్రామానికి అవగాహన కల్పించడానికి వెళ్లిన బృందంలో 8 మందిని చంపేశారు. ఆ ఎనిమిది మందీ మంచి చేయడానికి వెళ్లినవాళ్లే. అదే ఏడాది నవంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మత పెద్దలతో కూర్చుని, "సురక్షితమైన, గౌరవప్రదమైన" ఖననం ఎలా చేయాలో కొత్త పద్ధతి రాసింది: కుటుంబం దూరం నుంచి చూడొచ్చు, ప్రార్థన చేయొచ్చు, సమాధి ఎక్కడుందో వాళ్లకు తెలుస్తుంది. వ్యాధి గురించిన సైన్స్ మారలేదు, అడిగిన తీరు మారింది.

తర్వాత 2018లో కాంగోలో మళ్లీ ఎబోలా వచ్చినప్పుడు కొన్ని చికిత్సా కేంద్రాల్లో పారదర్శకమైన గోడలున్న గదులు పెట్టారు. బయట కుర్చీలో కూర్చుని భార్య తన భర్త మొహం చూస్తూ మాట్లాడొచ్చు. లోపల ఏదో చేస్తున్నారన్న అనుమానానికి ఏ కరపత్రం ఇవ్వలేని జవాబు ఆ గోడ ఇచ్చింది.

మీ ప్రాంతంలో ఇదెలా చేయాలంటే, కొత్త నిబంధన పెట్టే ముందు, అది ఎవరి మీద పడుతుందో వాళ్లలో ఐదుగురిని పిలిచి "ఇది చేయమంటే మీకు ఎక్కడ కష్టం" అని అడగండి. మధ్యలో అడ్డం పడకుండా, సమర్థించుకోకుండా రాసుకోండి. మార్చగలిగింది మార్చి, మారిందని వాళ్లకు తిరిగి చెప్పండి. మార్చలేనిది ఎందుకు మార్చలేమో చెప్పండి. వ్యాధి నుంచి కోలుకున్నవాళ్లు మాట్లాడటానికి ఇష్టపడితే వాళ్ల మాటకున్న బలం మీ మాటకు ఉండదు.

9. పేర్లు, నిందలు, గోప్యత

రోగి పేరు, వీధి, మతం, ఉద్యోగం చెప్పకుండానే జనానికి కావాల్సింది చెప్పొచ్చు: ఎప్పుడు, ఎలాంటి చోట సోకే అవకాశం ఉండింది, అప్పుడు అక్కడున్నవాళ్లు ఏం చేయాలి. వ్యాధికి ఊరి పేరో, జంతువు పేరో, ఒక వర్గం పేరో తగిలించకండి. 2009లో స్వైన్ ఫ్లూ అన్న పేరు విని ఈజిప్టు, ఒక్క మనిషికీ అక్కడ సోకకముందే, దాదాపు 3 లక్షల పందులను చంపాలని ఆదేశించింది. అది మనుషుల నుంచి మనుషులకు పాకే జబ్బు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి పేర్లు వద్దని చెప్పింది, 2022 నవంబర్‌లో మంకీపాక్స్‌ను ఎంపాక్స్ అని మార్చింది కూడా అందుకే. నింద పడుతుందన్న భయం ఉన్నవాళ్లు పరీక్షకు రారు, రాకపోతే వ్యాధి ఆగదు.

10. సలహా మారినప్పుడు, తప్పు జరిగినప్పుడు

కొవిడ్ మొదట్లో అమెరికాలో అధికారులు మాస్కులు కొనొద్దన్నారు, 2020 ఏప్రిల్ 3న గుడ్డ మాస్కులు కట్టుకోమన్నారు. లక్షణాలు లేనివాళ్ల నుంచి కూడా సోకుతోందని ఆ మధ్యలో ఆధారాలు పెరిగాయి. మొదట వద్దనడానికి ఆసుపత్రి సిబ్బందికి మాస్కులు చాలకపోవడం కూడా ఒక కారణం. ఆ కారణాన్ని గట్టిగా ముందుకు తెచ్చి, "ఉన్నవి తక్కువ, ముందు నర్సులకు కావాలి, మీకు పనికొస్తుందో లేదో ఇంకా చూస్తున్నాం" అని చెప్పి ఉంటే జనం అర్థం చేసుకునేవాళ్లు.

అందుకే ప్రతి సలహాకూ "ఈరోజు మాకు తెలిసినదాన్ని బట్టి" అని మొదలుపెట్టండి. మారిన రోజు పాతదాన్ని చడీచప్పుడు లేకుండా వెబ్‌సైట్ నుంచి తీసేయకండి. "నిన్నటిదాకా ఇలా చెప్పాం, ఈ కొత్త విషయం తెలిసింది, ఇకనుంచి ఇలా చేయండి" అని మూడూ పక్కపక్కన పెట్టండి. కొత్త విషయం తెలిసినందువల్ల కాక, మీ పొరపాటు వల్లే తప్పు జరిగితే మాత్రం ఇంత పొడవు వద్దు: ఏం తప్పు చేశాం, ఎవరికి ఇబ్బంది కలిగింది, క్షమించండి, ఇలా సరిచేస్తున్నాం. "ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే" లాంటి మాటలు క్షమాపణ కిందకు రావు.

11. ప్రెస్ మీట్ విషయంలో చిన్న చిన్నవి

రోజూ ఒకే సమయం. మొదటి రెండు నిమిషాల్లో అసలు సంగతి. సంకేత భాషలో చెప్పేవాళ్లు మాట్లాడేవాళ్ల పక్కనే, ఒకే ఫ్రేములో ఉండాలి. "నో కామెంట్" అనొద్దు, చెప్పలేకపోతే ఎందుకు చెప్పలేరో చెప్పండి. "ఒకవేళ వేలమందికి వస్తే?" అని అడిగితే ఊహాగానాలంటూ కసురుకోకండి, పడకలు ఎన్ని సిద్ధం చేశారో చెప్పండి. విలేకరులు శత్రువులు కారు, వాళ్ల డెడ్‌లైన్ తెలుసుకుని దానికి ముందే వివరాలు ఇవ్వండి.

12. ముగింపు ప్రకటన

తగ్గుముఖం పట్టగానే అలసిపోయి మాట్లాడటం మానేస్తాం. జనం మాత్రం ఇంకా నీళ్లు మరిగిస్తూనే ఉంటారు, పిల్లల్ని బడికి పంపాలా వద్దా అని చూస్తూనే ఉంటారు. ఏది ఏ రోజు నుంచి ఆపేయొచ్చో విడివిడిగా చెప్పండి. ఎబోలా విషయంలో చివరి రోగికి పరీక్షల్లో వ్యాధి పోయిందని తేలాకో, ఖననం అయ్యాకో 42 రోజులు కొత్త కేసు లేకుండా గడిస్తేనే ముగిసిందంటారు. వ్యాధి బయటపడటానికి గరిష్ఠంగా పట్టే 21 రోజులకు అది రెండింతలు. మీ వ్యాధికి గడువు ఎంతో, ఎందుకంతో ముందే చెబితే జనం కూడా మీతో కలిసి రోజులు లెక్కపెడతారు.

2016 జనవరి 14న ప్రపంచ ఆరోగ్య సంస్థ పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా ఒకరి నుంచి ఒకరికి పాకుతున్న, తెలిసిన గొలుసులన్నీ తెగిపోయాయని ప్రకటించింది. అదే ప్రకటనలో, అక్కడక్కడా మళ్లీ కేసులు రావచ్చు, నిఘా కొనసాగాలి అని కూడా చెప్పింది. మర్నాడే సియెరా లియోన్‌లో కొత్త కేసు నిర్ధారణ అయింది. ముందు రోజు ఆ వాక్యం లేకపోయి ఉంటే మొత్తం ప్రకటన అబద్ధమైపోయేది. మీ చివరి ప్రకటనలోనూ ఆ వాక్యం ఉండాలి, దాని కింద హెల్ప్‌లైన్ నంబరు, అది ఏ తేదీ దాకా పనిచేస్తుందన్నది కూడా.